మొపానే పట్టుచిమ్మట

నిర్వచనము

మొపానే పట్టుచిమ్మట ఆఫ్రికాఖండపు దక్షిణభాగమునందలి పొడివనములలో నివసించు ఒక పెద్ద చిమ్మట. దీని శాస్త్రీయనామము గోనింబ్రేసియా బెలీనా. పొలుసురెక్కల కీటకములతో కూడిన లెపిడాప్టెరా క్రమములో, అడవి పట్టుపురుగులు అనేకము చేరియున్న సాటర్నియిడే కుటుంబమునకు ఇది చెందినది. దీని గొంగళిపురుగునకు మొపానే వృక్షపు ఆకులు ముఖ్యాహారమగుటచేత దీనికి ఈ పేరు కలిగినది. పట్టుపురుగుల కుటుంబములో చేరినదయ్యు ఈ జాతి పట్టుగూడు కట్టదు. ఎదిగిన పురుగు చెట్టు దిగి, మట్టిలో దూరి, అచ్చటనే కోశస్థదశను (ప్యూపాదశను) గడపును. అందుచేత మానవునకు దీనివలన వస్త్రముగాక ఆహారము లభించుచున్నది. దక్షిణాఫ్రికా ప్రాంతపు దేశములలో లక్షలాది గ్రామీణులు దీని గొంగళిపురుగులను ఏరి, ఎండబెట్టి, భుజించియు విక్రయించియు జీవనము సాగించుచున్నారు.

ఈ జాతిని గుర్తించుటకు రెక్కల రంగును మాత్రమే ప్రమాణముగా గ్రహించిన చాలదు. గ్రుడ్డు, గొంగళిపురుగు, కోశస్థము, ప్రౌఢకీటకము అను నాలుగు దశలను, వాటితోపాటు ఆతిథేయవృక్షమును, కోశస్థదశ గడచు నేలను, వర్షర్తువును కలిపి పరిశీలించినప్పుడే ఇది నిస్సందేహముగ తెలియబడును.

వర్గీకరణము

సాటర్నియిడే కుటుంబములో ప్రపంచమందంతటను సుమారు 2,300 జాతులు గలవు. పెద్ద శరీరము, విశాలములైన రెక్కలు, రెక్కలపై కన్నులవంటి మచ్చలు, ప్రౌఢదశలో క్షీణించిన నోటిభాగములు ఈ కుటుంబపు సామాన్యలక్షణములు. భారతదేశపు దసలి, మూగా, ఏరి పట్టుపురుగులు ఈ కుటుంబమునకే చెందినవి. మల్బరీ ఆకు తిను పట్టుపురుగు మాత్రము బాంబిసిడే అను వేరొక కుటుంబమునకు చెందినది. ఈ రెండు కుటుంబములును బాంబికాయిడియా అను ఒకే అధికుటుంబములో చేరును.

ఆఫ్రికాలో పట్టుచిమ్మటలని వ్యవహరింపబడు కీటకములన్నియు ఒకే కుటుంబమునకు చెందినవి కావు. వాటిని ముఖ్యముగా మూడు వర్గములుగా విభజింపవచ్చును.

1. సాటర్నియిడే వర్గము: మొపానే చిమ్మట, రెక్కలకు పొడవైన తోకలుగల ఆఫ్రికా చంద్రచిమ్మట (ఆర్జెమా మిమోసే), బ్యూనియా, సిరీనా, గైనానిసా మొదలగు ప్రజాతులు. ఇందు కొన్ని పట్టుగూడు కట్టును. కొన్ని నేలలో కోశస్థమగును.

2. లాసియోకాంపిడే వర్గము: కలహారి ప్రాంతపు గోనోమెటా ప్రజాతి, మడగాస్కరు ద్వీపపు బోరోసెరా ప్రజాతి. ఇవి గట్టి పట్టుగూళ్ళను కట్టును.

3. నోటోడాంటిడే వర్గము: అనాఫే ప్రజాతి. దీని పురుగులు అనేకము కూడి ఒకే పెద్ద పట్టుసంచిని నిర్మించుకొని, దానిలో ఒక్కొక్కటి తన గూటిని అల్లుకొనును.

మొపానే చిమ్మట ఈ విభజనలో మొదటి వర్గమునకు, అందును నేలలో కోశస్థమగు ఉపవర్గమునకు చెందును.

నామచరిత్ర

ఈ జాతిని శాస్త్రలోకమునకు మొదట వర్ణించినవాడు ఆంగ్లేయ కీటకశాస్త్రజ్ఞుడు జాన్ ఒబదయ్యా వెస్ట్‌వుడ్ (1805–1893). ఆయన 1849లో దీనిని సాటర్నియా బెలీనా అను నామముతో ప్రకటించెను. ఆ కాలమున పెద్ద రెక్కలును కంటిచుక్కలునుగల చిమ్మటలను అనేకముగ సాటర్నియా అను ఒకే ప్రజాతిలో చేర్చు సంప్రదాయముండెను. తరువాతి వర్గీకరణకారులు ఆ విశాలప్రజాతిని విడగొట్టిరి. 1878లో ఆర్థర్ గార్డినర్ బట్లర్ గోనింబ్రేసియా ప్రజాతిని ఏర్పరచెను. బెలీనా జాతిని కొందరు ఈ ప్రజాతిలోను, మరికొందరు ఇంబ్రేసియా అను ప్రజాతిలోను ఉంచుచు వచ్చిరి. అందుచేత గ్రంథములలో ఇంబ్రేసియా బెలీనా, గోనింబ్రేసియా బెలీనా అను రెండు నామములును కానవచ్చును. ఈ రెండును ఒకే జాతిని తెలుపునవి.

స్థానికభాషలలోని పేర్లు ప్రాయికముగా గొంగళిపురుగునకే చెందియున్నవి. బోట్స్వానాలో దీనిని ఫానే అనియు, జింబాబ్వేలోని షోనా భాషీయులు మదోరా అనియు, ఎన్‌దెబెలె భాషీయులు అమచింబి అనియు, దక్షిణాఫ్రికా రిపబ్లిక్కులోని వెండా ప్రజలు మషోంజా అనియు, ఉత్తర నమీబియాలోని ఒవాంబో ప్రజలు ఒమగుంగు అనియు పిలుతురు. వర్తకవ్యవహారమున మొపానే పురుగు అను పేరు రూఢమైనది.

స్వరూపలక్షణములు

*ప్రౌఢకీటకము.* రెక్కలు చాచినప్పుడు ఒక కొననుండి మరియొక కొనవరకు వెడల్పు సుమారు 12 సెం.మీ. ఉండును. రెక్కల మూలవర్ణము ఒక్కటిగా ఉండదు. లేత గోధుమవన్నె, ఆకుపచ్చ కలసిన బూడిదవన్నె, ముదురు గోధుమవన్నె, ఇటుకవంటి ఎరుపు అను భేదములు ఒకే ప్రాంతమున గూడ కానవచ్చును. ఈ వర్ణభేదములవలన ఒకే జాతిని అనేకజాతులుగ భ్రమించు అవకాశము కలదు. మూలవర్ణము ఎట్లున్నను స్థిరముగానుండు లక్షణములు రెండు. నలుపు తెలుపు రంగులు కలసిన రెండు పట్టీలు రెక్కలకు అడ్డముగ సాగి, కంటిచుక్కలున్న మధ్యభాగమును తక్కిన భాగమునుండి వేరుచేయును. ఇది మొదటి లక్షణము. వెనుకరెక్క ఒక్కొక్కదానిపై నారింజవన్నెగల పెద్ద కంటిచుక్క యుండుట రెండవది. ముందురెక్కలపై చుక్కలు దీనికంటె చిన్నవి. మగచిమ్మట స్పర్శశృంగములు ఈకలవలె ఇరువైపుల శాఖలు గలిగి వెడల్పుగ నుండును. ఆడుచిమ్మట స్పర్శశృంగములు సన్నముగ నుండును. నోటిభాగములు పనికిరానంతగ క్షీణించియుండుటచేత ప్రౌఢకీటకము ఏమియు భుజింపజాలదు.

*గ్రుడ్డు.* ఆడుచిమ్మట సన్నని కొమ్మల చుట్టును, ఆకులపైనను గ్రుడ్లను గుంపులుగా అంటించును. ఒక గుంపులో సామాన్యముగ 50 మొదలు 200 వరకు గ్రుడ్లుండును.

*గొంగళిపురుగు.* ఇది కుబుసము విడుచుచు అయిదు అంతర్దశలుగా పెరుగును. పూర్ణముగ ఎదిగిన అయిదవదశలో పొడవు సుమారు 8 సెం.మీ. ఉండును. శరీరము నల్లనిది. దానిపై తెలుపు కలసిన ఆకుపచ్చవియు పసుపుపచ్చనివియునగు గుండ్రని చిన్న పొలుసులు దట్టముగ చల్లబడి, అస్పష్టములైన పట్టీలుగా కానవచ్చును. ప్రతిఖండముపైనను పొట్టివైన నల్లని లేక ఎఱ్ఱని ముళ్ళుండును. వాటిని సన్నని తెల్లనివెండ్రుకలు కప్పియుండును. ఈ ముళ్ళు చేతికి గరగరలాడునవేగాని విషముగలవి కావు. పురుగులను ఏరువారు అందుచేత వట్టిచేతులతోనే వాటిని తీయగలుగుచున్నారు. ఎక్కువసేపు పని చేసినచో చర్మము గీచుకొనిపోవుటయు కలదు.

*కోశస్థము.* ముదురు గోధుమవన్నెగాని నలుపుగాని గలిగి, నునుపైన గట్టిపెంకుతో కూడియుండును. చుట్టును పట్టుదారపు గూడు లేదు. ఈ లక్షణమొక్కటియే దీనిని దసలి మొదలైన గూడుకట్టు బంధుజాతులనుండి వేరుచేయుటకు చాలును.

సదృశజాతులు: గుర్తింపువిధానము

మొపానే వనములలోను, వాటి పరిసరములలోను సాటర్నియిడే కుటుంబపు జాతులు మరికొన్ని సంచరించును. గుర్తింపులో పొరపాటు కలుగకుండుటకు ఈ క్రింది భేదములను గమనింపవలెను.

బ్యూనియా అల్సినోయి అను జాతి గొంగళిపురుగు సయితము నల్లనిదే. కాని దాని శరీరముపై తెలుపు లేక లేతపసుపు వన్నెగల ముళ్ళును, ప్రక్కల శ్వాసరంధ్రములవద్ద నారింజ లేక ఎఱ్ఱని మచ్చలును స్పష్టముగ నుండును. మొపానే పురుగునకువలె పొలుసుల చల్లడము ఉండదు. గైనానిసా మాజా అను జాతియు మొపానే ఆకులను తినును. దాని పురుగు ఆకుపచ్చనిది, వెండివలె మెరయు ముళ్ళు గలది. సిరీనా ఫోర్డా పురుగు నలుపు పసుపు పట్టీలును తెల్లని రోమములును గలిగి, దక్షిణాఫ్రికా ప్రాంతమున బుర్కియా వృక్షముపై నుండును. దాని చిమ్మట లేతవన్నెది, పెద్ద కంటిచుక్కలు లేనిది. చంద్రచిమ్మట పసుపు కలసిన ఆకుపచ్చరెక్కలచేతను, వెనుకరెక్కల పొడవైన తోకలచేతను చూచినంతనే తెలియును. దాని గూడు వెండివన్నెది, చిన్న రంధ్రములు గలది.

ఈ భేదములను క్రమముగ పరీక్షించుటకు ముందుగా ఆతిథేయవృక్షమును, పిదప పురుగు మూలవర్ణమును, ముళ్ళ రంగును, చివరకు కోశస్థము చెట్టుపై నున్నదా నేలలో నున్నదా అను విషయమును చూచుట మేలు. చిమ్మటయొక్కటియే లభించినచో వెనుకరెక్కపై నారింజచుక్కను, రెండు అడ్డపట్టీలను ఆధారముగ గొనవలెను. వర్ణమును ఆధారముగ గొనరాదు.

వ్యాప్తి, ఆవాసము

దక్షిణాఫ్రికా రిపబ్లిక్కునందలి ఉత్తరభాగము, బోట్స్వానా, జింబాబ్వే, నమీబియా, మొజాంబిక్, జాంబియా, మలావీ, అంగోలా మొదలగు దేశములలో ఈ జాతి వ్యాపించియున్నది. ఈ వ్యాప్తి చాలవరకు మొపానే వృక్షపు వ్యాప్తితో సరిపోవును. మొపానే చిక్కుడు కుటుంబమునకు చెందిన వృక్షము. దీని శాస్త్రీయనామము కొలోఫోస్పెర్మమ్ మొపానే. ఒకే తొడిమకు రెండు రేకులు ఎదురెదురుగ అమరియుండుటచేత దీని ఆకు రెక్కలు విప్పిన సీతాకోకచిలుక ఆకారమున నుండును. ఎండ తీవ్రమైనప్పుడు ఆ రేకులు ఒకదానితో నొకటి చేరును. వేడిగల పల్లపుభూములలో, బంకమన్ను గల నేలలలో ఇతరవృక్షములను మించి పెరుగు ఈ చెట్టు దక్షిణాఫ్రికా ప్రాంతమున సుమారు 5,50,000 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణమున వనములుగ వ్యాపించియున్నది.

మొపానే ముఖ్యాహారమైనను, ఈ పురుగు ఆ చెట్టునకే కట్టుబడియుండునది కాదు. మరూలా, అత్తి, తునికి ప్రజాతులకు చెందిన ఆఫ్రికా వృక్షములపైనను, మద్ది చేరిన టెర్మినేలియా ప్రజాతి వృక్షములపైనను ఇది కానవచ్చును. కావున మొపానే లేనిచోట గూడ అరుదుగ ఈ జాతి దొరకవచ్చును. కాని వేలసంఖ్యలో విజృంభించుట మొపానే వనములయందే.

జీవితచక్రము

ఈ కీటకము గ్రుడ్డు మొదలు ప్రౌఢదశవరకు సంపూర్ణ రూపవిక్రియ చెందును. దక్షిణార్ధగోళమున వేసవివర్షములు ఆరంభమగు నవంబరు, డిసెంబరు మాసములలో నేల తడిసి మెత్తబడగా, మట్టిలోని కోశస్థములనుండి చిమ్మటలు వెలువడును. అవి రాత్రివేళ సంచరించును. ఆడుచిమ్మట విడుచు వాసనపదార్థమును మగచిమ్మట తన ఈకలవంటి స్పర్శశృంగములతో పసిగట్టి దూరమునుండి వచ్చును. ప్రౌఢకీటకమునకు ఆహారము లేదు; పురుగుదశలో కూడబెట్టిన క్రొవ్వే దాని శక్తికి మూలము. మూడు నాలుగు దినములలో సంయోగము, గ్రుడ్లుపెట్టుట ముగిసి, చిమ్మట మరణించును.

గ్రుడ్లు సుమారు పదిదినములకు పగులును. వెలువడిన పురుగులు మొదటి మూడు అంతర్దశలలో గుంపులుగ జీవించును. ఒకే కొమ్మపై వందలాదిగ చేరి ఆకులు తినును. ఈ గుంపుజీవనమువలన చిన్నపురుగుల శరీరోష్ణత పెరిగి ఎదుగుదల వేగవంతమగుననియు, శరీరమునుండి నీరు ఆవిరియగుట తగ్గుననియు శాస్త్రజ్ఞులు భావింతురు. నాలుగవ, అయిదవ అంతర్దశలలో పురుగులు విడివడి ఒంటరిగ తిరుగును. సుమారు ఆరువారములలో పురుగు నాలుగుపర్యాయములు కుబుసము విడిచి, తన తొలిబరువునకు వేలరెట్లు పెరుగును.

ఎదుగుదల ముగిసిన పురుగు కొమ్మలు దిగి నేలపై కొంతదూరము ప్రాకి, మెత్తని మట్టిలో దూరి కోశస్థమగును. వర్షము చాలినంత కురియు ప్రాంతములలో సంవత్సరమునకు రెండు తరములు కలుగును. మొదటి తరపు కోశస్థములనుండి కొలదివారములలోనే చిమ్మటలు వెలువడి, ఫిబ్రవరి, మార్చి మాసములలో రెండవతరము ఆరంభమగును. రెండవతరపు పురుగులు కోశస్థములై, చలికాలమును పొడికాలమును నేలలోనే ఆరేడుమాసములు సుప్తావస్థలో గడపును. వర్షము కొఱవడిన ప్రాంతములలో తరమొక్కటియే కలుగును. ఈ విధముగ జీవితకాలములో అధికభాగము నేలలో గడచును. మనుష్యులకు కన్పట్టు పురుగుదశయు, చిమ్మటదశయు స్వల్పకాలికములు.

ఆవరణసంబంధములు

విస్తారముగ పుట్టినసంవత్సరమున మొపానే పురుగులు చెట్లయాకులను ఈనెలవరకు తినివేయును. వనములో కొంతభాగము ఆకులేక మోడుగ కన్పట్టుటయు కలదు. అయినను మొపానేకు మరల చిగిర్చు శక్తి మెండు. కొన్ని వారములలో చెట్లు కొత్తయాకులతో నిండును. పురుగుల విసర్జనము నేలకు చేరి, ఆకులలోని పోషకములను త్వరితముగ మట్టికి తిరిగియిచ్చును. ఏనుగులును ఇదే చెట్టును మేయుటచేత పురుగులకును ఏనుగులకును ఆహారవిషయమున కొంత పోటీయున్నదని చెప్పవచ్చును.

ఈ జాతికి శత్రువులు మెండు. అతిసూక్ష్మములైన పరాన్నజీవి కందిరీగలు గ్రుడ్లలో తమ గ్రుడ్లను పెట్టి వాటిని నశింపజేయును. చీమలు చిన్నపురుగులను, పక్షులు ఎదిగిన పురుగులను తినును. పురుగులు అతిసాంద్రముగ నున్నప్పుడు వైరస్ రోగములు వ్యాపించి గుంపులకు గుంపులను రూపుమాపును. వర్షాభావము, గ్రుడ్లు పొదుగుకాలమున తీవ్రమైన ఎండయు నష్టకారణములు. ఈ కారణములన్నియు కూడియుండుటచేత పురుగుల సంఖ్య సంవత్సరమునకు సంవత్సరమునకు మిక్కిలి భేదించును; ఒకయేడు వనమంతయు నిండి, మరుసటియేడు అరుదగుటయు సామాన్యమే.

సేకరణ, పాకవిధానము

అయిదవ అంతర్దశలోని పురుగులను నేలకు దిగుటకు పూర్వము ఏరుదురు. రెండు తరములుగల ప్రాంతములలో సేకరణకాలములు డిసెంబరు, ఏప్రిలు మాసముల చుట్టును వచ్చును. పనిలో అధికభాగము స్త్రీలును పిల్లలును చేయుదురు. పురుగును పట్టుకొని, తోకభాగమునొద్ద చిదిమి, కడుపులోని ఆకుపచ్చని పదార్థమును వ్రేళ్ళతో పిండివేయుట మొదటిపని. ఈ పదార్థము మిగిలినచో రుచి చెడును, నిలువయు చెడును. పిదప పురుగులను ఉప్పునీటిలో ఉడికించి, ఎండలో ఆరబెట్టుదురు. కొన్నిచోట్ల వేడిబూడిదలో కాల్చుటయు, పొగలో ఆరబెట్టుటయు కలదు. బాగుగ ఎండిన పురుగులు చాలమాసములు చెడక నిలుచును.

ఎండిన పురుగులను అట్లే నమలవచ్చును. కూరగ వండుటకు వాటిని నీటిలో నానబెట్టి, ఉల్లిపాయలు, టొమాటోలు చేర్చి వేయింతురు; మొక్కజొన్నపిండితో కాచిన గట్టిసంకటితో భుజింతురు. ఈ సంకటిని జింబాబ్వేలో సద్జా అనియు, దక్షిణాఫ్రికా రిపబ్లిక్కులో పాప్ అనియు వ్యవహరింతురు. ఉప్పునీటిలో నిలువయుంచి డబ్బాలలో మూసిన పురుగులు నగరములలోని దుకాణములలో దొరకును.

పోషకవిలువ

ఎండిన పురుగులో బరువున సగమునకు మించిన భాగము మాంసకృత్తులే. క్రొవ్వు, ఖనిజలవణములు కూడ చెప్పదగినంత యున్నవి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తినదగిన కీటకములపై 2013లో ప్రకటించిన నివేదికననుసరించి, మొపానే పురుగులలో 100 గ్రాముల ఎండుబరువునకు 31 మొదలు 77 మిల్లీగ్రాముల ఇనుము కలదు. గోమాంసములో అదే ప్రమాణమునకు సుమారు 6 మిల్లీగ్రాములు మాత్రమే కలదు. రక్తహీనత విస్తారముగానున్న గ్రామప్రాంతములలో, మాంసము కొనలేని కుటుంబములకు ఈ విలువ గణనీయమైనది.

దీని భోజనమునందు జాగ్రత్తలును అవసరము. సరిగ ఆరని పురుగులకు బూజు పట్టును. కొందరి శరీరములకు ఈ ఆహారము సరిపడక తీవ్రమైన అసహనలక్షణములు కలిగిన సందర్భములును వైద్యసాహిత్యములో నమోదైనవి. రొయ్యలు మొదలగు పెంకుప్రాణులు సరిపడనివారు ప్రత్యేకించి జాగరూకులై యుండుట మంచిది.

వాణిజ్యము

పూర్వము కుటుంబావసరమునకు మాత్రమే సాగిన సేకరణ, ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధమున దేశముల నడుమ సాగు వ్యాపారముగ పెరిగినది. ఏరినవారు ఎండుపురుగులను డబ్బాలతో కొలిచి స్థానికముగ విక్రయింతురు, లేక దళారులకు బస్తాలుగ అమ్ముదురు. ధాన్యమునకును వస్త్రములకును మార్పిడి చేయుటయు కలదు. దళారులు వాటిని సరిహద్దులు దాటించి పట్టణములకు చేర్తురు. పైన పేర్కొన్న 2013 నివేదికలో, దక్షిణాఫ్రికా ప్రాంతమున సంవత్సరమునకు సుమారు 950 కోట్ల పురుగులు సేకరింపబడుచున్నవనియు, వాటి విలువ 8.5 కోట్ల అమెరికా డాలర్లనియు అంచనా చేయబడినది. సేద్యపుపనులు తక్కువగనుండు కాలమున చేతికి రొక్కము చేకూర్చుటచేత, ఈ యాదాయము బడిజీతములకును గృహావసరములకును ఉపయోగపడుచున్నది. బోట్స్వానా ప్రభుత్వము 2000లో విడుదలచేసిన అయిదు పులాల నాణెముపై మొపానే పురుగు బొమ్మను ముద్రించుట ఆ దేశజీవనములో దీనికిగల స్థానమును తెలుపును.

పట్టుపరిశ్రమతో సంబంధము

ఆఫ్రికాలో పట్టునిచ్చునవి ఇతరవర్గముల చిమ్మటలు. గోనోమెటా పోస్టికా కలహారి ప్రాంతపు తుమ్మజాతి చెట్లపై పెరిగి, గట్టిగూడు కట్టును. ఆ గూటిపై చర్మమును గ్రుచ్చుకొను రోమములుండును. మేతకు పోయిన పశువులు ఆ గూళ్ళను మ్రింగినచో, జీర్ణముకాని పట్టుదారము కడుపులో చుట్టుకొని ప్రాణాపాయము కలుగును. ఖాళీగూళ్ళలో చిన్నరాళ్ళను నింపి నాట్యమందు కాళ్ళకు గజ్జెలవలె కట్టుకొను ఆచారము ఆ ప్రాంతపు జనులలో కలదు. దారము తీసి వస్త్రము నేయు చిన్నపరిశ్రమలును ఏర్పడినవి. మడగాస్కరులో తపియా వృక్షముపై పెరుగు బోరోసెరా పట్టుతో శవవస్త్రములు నేయుదురు. నైజీరియాలోని యొరుబా ప్రజలు అనాఫే పట్టుతో సాన్యాన్ అను ప్రతిష్ఠగల వస్త్రమును నేయుదురు.

మొపానే చిమ్మటకు సమీపబంధువులలో తెలుగుదేశమునకు పరిచితమైనది దసలి పట్టుపురుగు (ఆంథెరియా మైలిట్టా). తెలంగాణములోని మహదేవపూరు, చెన్నూరు అటవీప్రాంతములలో నల్లమద్ది, తెల్లమద్ది చెట్లపై దీనిని పెంచి, గూళ్ళనుండి దారము తీయుదురు. రెండును సాటర్నియిడే కుటుంబమునకు చెందినవే. రెండింటి ప్రౌఢకీటకములును ఆహారము లేక స్వల్పకాలము జీవించునవే. రెండింటి రెక్కలపైనను కంటిచుక్కలున్నవి. అయినను దసలిపురుగు చెట్టుకొమ్మకు కాడతో వ్రేలాడు గట్టిగూటిలో కోశస్థమగును, మొపానే పురుగు మట్టిలో కోశస్థమగును. పొడికాలమును దాటుటకు ఒకే కుటుంబములోని రెండుజాతులు అవలంబించిన ఈ భిన్నమార్గములే, ఒకదానిని వస్త్రపరిశ్రమకును మరియొకదానిని ఆహారమునకును ఆధారముగ జేసినవి.

సంరక్షణ సమస్యలు

వ్యాపారము పెరిగినకొలది కొన్ని ప్రాంతములలో పురుగులు తగ్గిపోయినవి. బోట్స్వానాలోని కొన్ని వనములలో అవి చాలసంవత్సరములు కన్పట్టలేదని నివేదికలు కలవు. దీనికి కారణములు అనేకము. పురుగులను అందుకొనుటకు కొమ్మలను, కొన్నిచోట్ల చెట్లనే నరుకుట, వంటచెరకునకును ఇంటికంబములకును మొపానేను కొట్టుట, నేలకు దిగు పురుగులను సహితము విడువక ఏరుట, నేలలోని కోశస్థములను త్రవ్వితీయుట, కాలముగాని కాలమున పెట్టిన కార్చిచ్చువలన గ్రుడ్లు దగ్ధమగుట, దీర్ఘకాలపు అనావృష్టి. వీటిలో సేకరణభాగమెంత, వర్షభాగమెంత యను విషయమున పరిశోధకులు ఏకాభిప్రాయమునకు రాలేదు. సంఖ్యలోని సహజమైన హెచ్చుతగ్గులవలన ఈ నిర్ణయము కష్టమగుచున్నది.

సంప్రదాయిక నియంత్రణకు ఉదాహరణము జాంబియాలోని బీసా ప్రజలలో కానవచ్చును. వారు మొపానే పురుగునకు బంధువులైన గైనానిసా మాజా, గోనింబ్రేసియా జాంబెసీనా జాతుల గ్రుడ్లను, పురుగులను ముందుగా గమనించి, ఆతిథేయవృక్షములను, గ్రుడ్లను కార్చిచ్చునుండి కాపాడి, పురుగులు ఎదుగువరకు సేకరణను నిలిపివేయుదురు. మొపానే పురుగులను దోమతెరవంటి వలలతో కప్పిన చెట్లపై పెంచు ప్రయత్నములును జరిగినవి. సాంద్రముగ పెంచినచోట వ్యాధులు ప్రబలుట, కోశస్థములు ఒకే కాలమున పగులకుండుట అందలి ఆటంకములు. ఇప్పటికిని మార్కెటునకు వచ్చు సరకు చాలవరకు అడవిలో ఏరినదే. కావున ఎదిగిన పురుగులలో కొంతభాగమును నేలకు దిగనిచ్చుట, చెట్టును నరకకుండుట, పొడికాలమున వనపునేలను త్రవ్వకయు తగులబెట్టకయు విడుచుట అను మూడునియమములే మరుసటి వర్షర్తువున కలుగబోవు తరమునకు ఆధారములు.